చెరువు గట్టు మీద ఉండేవాడికి ప్రార్థనకి టైం యాడ దొరుకుద్ది?

ఇస్కపల్లి_గట్టు:
అందరికీ వందనాలు. ఎప్పుడూ చదివి పోయేవాణ్ణే, రాయటం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

నాకు 44. మా అన్నా నేనూ కలిసి ఆరెకరాల చెరువుల్లో వనామీ రొయ్య చేస్తుండాం. మా తాత కాలం నుంచి బాప్టిస్టులం. మా సంఘంలో ఆదివారం ఆరాధన కాక బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం ఎవరో ఒకరింట్లో కాటేజీ ప్రార్థన. నేను కమిటీలో ఉండా కాబట్టి అన్నిట్లో కనపడాలి. కనపడతానే ఉండా.

మొన్న మా పాప నా ఫోన్ తీసి, "నాన్నా, ఈ వారం యూట్యూబు 11 గంటలు చూశావు" అని చూపించింది. అందులో సగం పైన వాక్య సందేశాలే. మిగతాది రొయ్య రేట్లు, క్రికెట్టు. అదే వారం నేను మోకాళ్ళ మీద ఉన్న టైం లెక్కేసుకుంటే గంట కూడా రాలా. ఆ గంటలోనూ సగం "ప్రభువా, ఈ రాత్రికి కరెంటు పోకుండా చూడు" అనే.

చెరువులు చేసేవాళ్ళకి చెప్పక్కర్లా. రాత్రి రెండు మూడు నుంచి తెల్లారే దాకా నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతా ఉంటది. అప్పుడు ఏరియేటర్లు, అంటే నీళ్ళు చిలికి గాలెక్కించే మోటార్లు, ఆగితే కాసేపటికే రొయ్య పైకి తేలుద్ది, ఇంక పంట చూసుకోనక్కర్లా. పగలు మేతెయ్యటం, వేసిన రెండు గంటలకి చెక్ ట్రే లేపి ఎంత తిన్నదో చూడటం, మళ్ళీ మేత. ఇంటికొస్తే కన్ను మూతపడద్ది. బైబిలు గుండెల మీద పెట్టుకుని నిద్రపోయిన రోజులు లెక్కే లేవు.

"దినములు చెడ్డవి గనుక, మీరు సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు" అని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది గదా. నేను యాడ పోనిస్తుండానో నాకే అంతుపట్టటంలా. పెద్దలెవరన్నా చెప్పండి.

పునాది_రాయి:
బ్రదర్, ప్రభువు నామంలో వందనాలు. జవాబు వాక్యంలోనే ఉంది. ధనంలో దశమభాగం ఇస్తున్నాం, మరి సమయంలో ఇవ్వద్దా? 24 గంటల్లో పదో వంతు అంటే 2 గంటల 24 నిమిషాలు. పొద్దున మూడింటికి లేచి ఆయనకి ఇచ్చేయండి, మిగతా 21 గంటల 36 నిమిషాలు ఆయనే చూసుకుంటాడు. "ఆయన పెందలకడనే లేచి యింకను చాలా చీకటి యుండగానే" అని మార్కు 1:35. ప్రభువే లేచాడు, మనమెంత? సాకులు మానితే టైం అదే దొరుకుతుంది.

చీమకుర్తి_టైరు:
అన్నా, ఆయన మూడింటికి మేలుకునే ఉంటున్నాడంట. మళ్ళీ ఒకసారి చదువు.

పునాది_రాయి:
మెలకువ వేరు, ప్రార్థన వేరు బ్రదర్.

టీచరమ్మ_కందుకూరు:
రాయి గారూ, దశమభాగం ధర్మశాస్త్రంలో పంటకీ పశువులకీ చెప్పింది. లేవీయకాండం చివరి అధ్యాయం తీసి చూడండి, భూమి ధాన్యం, చెట్ల పండ్లు, గోవులు, మేకలు. గంటల్లో పదో వంతు అని ఎక్కడా లేదు. మనం కాలిక్యులేటర్ తీసి కట్టుకున్న లెక్క అది. ఇస్తామంటే ఎవరూ కాదనరు, కానీ ఇవ్వలేనివాడి మెడకి కట్టకండి.

నా సంగతి చెప్తాను. నాలుగున్నరకి లేస్తే మూడు క్యారేజీలు, మా అత్తగారికి ఇన్సులిన్, బస్సు. తొమ్మిదికల్లా బడిలో నా హాజరుకి యాప్‌కి ముఖం చూపించాలి. పదేళ్ళ పాటు "నాకు ప్రార్థనా జీవితం లేదు" అని ఏడ్చాను. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, హాజరు పిలిచేటప్పుడు ఒక్కో పేరు దగ్గర ఒక్క ఊపిరి ఆగుతాను. 38 మంది. "అఖిల" అంటాను, వాళ్ళ నాన్న తాగుడు గుర్తొస్తుంది, లోపల ఒక్క మాట అనుకుంటాను, "ప్రెజెంట్ మేడం" అంటుంది, తర్వాతి పేరు. పిల్లలకి తెలియదు. మొత్తం కలిపి నాలుగు నిమిషాలు పట్టదు. (ఆ పేరు మార్చాను లెండి.)

ఇది రెండు గంటల ప్రార్థనకి సమానమని అనను. కానీ ఇంతకు ముందు ఆ నాలుగు నిమిషాలు కూడా లేవు.

చెన్నై_నెల్లూరోడు:
అన్నా, ముందు ఫోన్ సంగతి చూడండి. నాకూ అదే రోగం. సందేశం వింటుంటే భక్తిగా ఉన్నట్టే ఉంటుంది, అదే మోసం. వంట వీడియోలు చూస్తే కడుపు నిండదు కదా.

బైబిలు చదవటానికైతే లెక్క చిన్నదే. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకి మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి అయిపోతుంది. మూడు అధ్యాయాలకి పదిహేను నిమిషాలు. నేను లోకల్ ట్రైన్‌లో గూడూరు పక్క ఊరి ఫ్రెండుతో కలిసి చదువుతా. గత ఏడాది యిర్మీయా దగ్గర ఆగిపోయా, అది వేరే సంగతి.

పాత_పెన్నా:
నాయనా ఇస్కపల్లి, ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్న ముసలివాణ్ణి. నాకిప్పుడు టైమే టైం. అయినా చెప్తా విను, ప్రార్థన యాభై ఏళ్ళ వయసులో ఎంత కష్టమో 76లోనూ అంతే. ఖాళీ ఉంటే ప్రార్థన దానంతటదే రాదు. పేపరు వస్తుంది, టీవీ వస్తుంది, మోకాళ్ళ నొప్పి వస్తుంది.

మన ప్రాంతం సంగతి ఒకటి గుర్తు చేస్తా. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. అమెరికా బాప్టిస్టు మిషనరీలు జ్యూవెట్ దంపతులు, వాళ్ళతో ముగ్గురు తెలుగువాళ్ళు. అందుకే దాన్ని ప్రార్థన కొండ అంటాం. అందరూ ఆ పొద్దు గురించే చెప్తారు. ఆ తర్వాత 12 ఏళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. అదే మిషను క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో.

అట్టాగే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని నీళ్ళలో దిగారు. సభల్లో ఈ అంకె చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. కానీ దానికి ముందు 15 నెలలు క్లౌ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలా. కరువు కాలం, గంజి కోసం వచ్చేవాళ్ళెవరో దేవుని కోసం వచ్చేవాళ్ళెవరో తెలియదని ఆపేశాడు. ఆ 15 నెలలు ఏం చేశాడు? మీ ఊరి పక్కన పోతుందే బకింగ్‌హామ్ కాలవ, అందులో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని తవ్వించాడు, జనానికి కూలి దొరకాలని. మేస్త్రీలుగా బోధకులనే పెట్టాడు. కూలీలు పార దించి కాసేపు కూర్చున్నప్పుడు వాళ్ళు పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు. వేరే మీటింగు, వేరే స్టేజీ ఏం లేవు.

జపమాల_నెల్లూరు:
నేను కతోలికురాలిని, ఈ వేదికలో మమ్మల్ని కొంచెం వింతగా చూస్తారని తెలుసు, అయినా రాస్తున్నా. మాకు త్రికాల జపం అని ఉంది. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. మా చిన్నప్పుడు గుడి గంట మోగితే మా అమ్మ కొట్టు మీద బియ్యం కొలుస్తూ శేరు చేతిలోనే ఆపేసేది. కొనుక్కోను వచ్చినవాళ్ళు హిందువులైనా సాయిబులైనా ఆగేవాళ్ళు. మూడు నిమిషాలు. మళ్ళీ కొలత. ఇప్పుడు గంట వినపడే దూరంలో లేను, ఫోన్‌లో పెట్టుకున్నా. ప్రార్థన నాకు గుర్తొచ్చినప్పుడు చేస్తే రోజులో ఒక్కసారి కూడా గుర్తురాదు అన్నా. గంట గుర్తు చెయ్యాల్సిందే. ఏరియేటర్ స్విచ్ వేసేటప్పుడు చేసుకోకూడదా?

పునాది_రాయి:
సిస్టర్, వ్యర్థమైన మాటలు వచింపవద్దు అని మత్తయి 6:7 ఉంది. గంట కొట్టగానే వల్లించేది ప్రార్థన కాదు.

చీమకుర్తి_టైరు:
అన్నా, మన ఆరాధనలో "స్తోత్రం స్తోత్రం స్తోత్రం" అని పావుగంట చెప్పేది ఎవరు?

మోడరేటర్:
శాఖల మీద వాదన ఇక్కడ వద్దు. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ 400 పోస్టులయ్యాయి, ఎవరూ మారలేదు. అడిగినాయన ప్రశ్నకి రండి.

పేరొద్దు_పాస్టరమ్మ:
ఊరు చెప్పను. మా వారు పాస్టరు. ఇది చదివి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా.

టైం లేనిది మీకే కాదు. మా వారికి రోజుకి ఎన్ని ఫోన్లొస్తాయో. ఇంటి ప్రతిష్ఠ, పుట్టినరోజు, ఆసుపత్రి, సమాధి కార్యక్రమం, మళ్ళీ పుట్టినరోజు. అందరి కోసం ప్రార్థన చేస్తారు. తన కోసం తలుపేసుకుని కూర్చున్నది నేను చూసి ఎన్నాళ్ళయిందో. ఇది సంఘంలో చెప్పుకోలేం. అయ్యగారికే ప్రార్థన లేదంటే ఇంకేముంది అంటారు.

ఇంకో సంగతి. శనివారం కాటేజీ ప్రార్థనలు అన్నారు కదా. పోయిన నెల ఒకరింట్లో ముప్ఫై మందిమి కూర్చున్నాం. ఆ ఇంటి ఆడపడుచు కోసం, ఆమె పేరు పెట్టి, ఆమె గర్భఫలం కోసం మా వారు కన్నీళ్ళతో ప్రార్థన చేస్తున్నారు. అందరూ ఆమేన్ అంటున్నారు. ఆ అమ్మాయి ఎక్కడుంది? వంటింట్లో బజ్జీలు తిప్పుతోంది. నూనె చిటపటలు నాకు వినపడుతున్నాయి. తన కోసం చేసిన ప్రార్థనకి తను ఆమేన్ చెప్పలేదు, ఎందుకంటే మనకి టీ, బజ్జీలు ఆలస్యం కాకూడదు.

ఆ తర్వాత నేను గట్టిగా చెప్పాను, ఇక మీదట బిస్కెట్లు, మంచినీళ్ళు అంతే అని. ఇద్దరు ముగ్గురు అలిగారు. పెద్దవాళ్ళే.

టీచరమ్మ_కందుకూరు:
అమ్మగారూ, చదివి వళ్ళు ఝల్లుమంది. ప్రభువు ఇంటికొస్తే వంట పనిలో మునిగిన మార్త, ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్న మరియ, వాళ్ళ కథ ఎన్నిసార్లు విన్నామో. "అవసరమైనది ఒక్కటే" అని ప్రసంగం. ప్రసంగం అవగానే భోజనాలు. ఆ భోజనాలు వండిన మార్తలు ఆ ప్రసంగం వినలేదు.

చీమకుర్తి_టైరు:
నేను పెద్దగా చదువుకోలేదు, ఉన్నది రాస్తా. గెలాక్సీ గ్రానైట్ రాళ్ళ ట్రైలర్ తోల్తా, చీమకుర్తి నుంచి చెన్నై పోర్టు. మా ఓనరు విశ్వాసే, సంఘంలో పెద్ద. బండి అద్దం మీద "యెహోవా నా కాపరి" అని రాయించాడు. శనివారం రాత్రి లోడ్ చేయిస్తాడు, ఎందుకంటే సోమవారం పొద్దున పోర్టులో ఉండాలి. ఆదివారం పదింటికి ఆయన మొదటి వరసలో చేతులెత్తి ఉంటాడు, నేను నాయుడుపేట దాటి ఏదో టీ కొట్టు దగ్గర ఉంటా. ఆరు నెలలైంది గుడి మొహం చూసి. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ఎన్నాళ్ళయిందో.

ఒకసారి అడిగా. "నీ గుండెలో ఆరాధన ఉంటే చాలు అబ్బాయ్" అన్నాడు. ఆయనకి మాత్రం గుడి కావాల.

విశ్రాంతి దినం ఆజ్ఞ నాకు నోటికొచ్చు, సండే స్కూల్లో బహుమతి కొట్టా. "నీవైనను నీ కుమారుడైనను నీ కుమార్తెయైనను నీ దాసుడైనను నీ దాసియైనను నీ పశువైనను నీ యిండ్లలోనున్న పరదేశియైనను". గొడ్డుకి కూడా సెలవుంది అందులో. మా బండికి ఉంది, సర్వీసుకి పోయిన రోజు. 

ఇస్కపల్లి అన్నా, తప్పుగా అనుకోవద్దు, అడగాలనిపించి అడుగుతున్నా. నువ్వు ఆదివారం ఆరాధనలో, బుధవారం స్టడీలో, శుక్రవారం ఉపవాసంలో ఉన్నప్పుడు చెరువు దగ్గర ఎవరుంటారు?

పునాది_రాయి:
బ్రదర్, బావమరిది పెళ్ళికి పోతే ఎవరుంటారో వాళ్ళే ఉంటారు. అవసరమైన పని తప్పు కాదు. గాడిదో ఎద్దో గుంటలో పడితే విశ్రాంతి దినమున పైకి తీయడా అని లూకా 14లో ప్రభువే అన్నాడు. రొయ్యకి ఊపిరాడకపోతే అదీ అంతే.

చీమకుర్తి_టైరు:
ఎద్దు ఎప్పుడో ఒకసారి పడుద్ది అన్నా. ప్రతి ఆదివారం పడుతుందంటే గుంట మనమే తవ్వి పెట్టుకున్నట్టు.

పునాది_రాయి:
ఇది నిజమే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఇస్కపల్లి_గట్టు:
నాలుగు రోజులు రాయలేకపోయా. 'టైరు' తమ్ముడు అడిగింది మనసులో ముల్లులాగా ఉండిపోయింది.

చెరువు దగ్గర ఒక కుర్రోడు ఉంటాడు. శ్రీకాకుళం పక్క నుంచి వచ్చాడు, 22 ఏళ్ళు. గట్టు మీద రేకుల షెడ్డులోనే పడక. వాడొచ్చి పద్నాలుగు నెలలు. ఊరికి పోయింది రెండుసార్లు, సంక్రాంతికి ఒకసారి, వాళ్ళ నాయనమ్మ చనిపోతే ఒకసారి. జీతం ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలా, అన్నం మా ఇంటి నుంచే పోద్ది. అందుకని మంచిగానే చూసుకుంటుండానని అనుకుంటా ఉండా. వారానికి ఒక రోజు సెలవు అనే మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలా. వాడడగలా, నాకు తట్టలా.

ఇంక మా ఇంటామె. శుక్రవారం నేను ఉపవాసం ఉండి సాయంత్రం కూడికకి పోతా. వచ్చేసరికి ఉపవాసం విడవటానికి వేడి అన్నం ఉండాల. ఆమె కూడా ఉపవాసమే. వండుకుంటా ఉంటది.

టైం లేదు టైం లేదు అంటుండానే, నాకు ఇప్పటిదాకా దొరికిన టైం అంతా వీళ్ళిద్దరి దగ్గర తీసుకున్నదే.

టీచరమ్మ_కందుకూరు:
తమ్ముడూ, మీరు రాసింది చదివాక బైబిలు తీశాను. మీరు చెప్పిన మాట కొలొస్సయులకు రాసిన పత్రికలో కూడా ఉంది, 4:5, "సమయము పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు". అదే అధ్యాయం మొదటి వచనం ఏంటో తెలుసా? "యజమానులారా, పరలోకములో మీకును యజమానుడున్నాడని యెరిగి, న్యాయమైనదియు ధర్మానుసారమైనదియు మీ దాసులయెడల చేయుడి." మధ్యలో మూడే వచనాలు. ఇరవై ఏళ్ళ నుంచి ఐదో వచనం డైరీ మొదటి పేజీలో రాసుకుంటున్నా. మొదటి వచనం ఎప్పుడూ రాసుకోలేదు. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె ఆదివారం కూడా వస్తుంది, మేం గుడికి తయారయ్యే హడావిడి కాబట్టి.

పాత_పెన్నా:
ఎఫెసీలో కూడా అంతేనమ్మా. ఐదో అధ్యాయంలో సమయం మాట చెప్పి, భార్యాభర్తలు, పిల్లలు, దాసులు దాటుకుంటా పోయి ఆరో అధ్యాయం తొమ్మిదిలో యజమానుల దగ్గర ఆగాడు పౌలు. మనం అధ్యాయం మారగానే పుస్తకం మూసేస్తాం.

చెన్నై_నెల్లూరోడు:
అన్నా మరి ఏం చేస్తారు? చెరువు వదిలేయలేరు కదా.

ఇస్కపల్లి_గట్టు:
మూడు వారాల తర్వాత వస్తుండా. రొయ్య పట్టుబడి అయిపోయింది, రేటు అంతంత మాత్రం, వదిలేయండి.

వారం మార్చి వారం ఆదివారం నేనే గట్టు మీద ఉంటుండా. మా అన్నతో గొడవైంది, ఆయన మిగతా ఆదివారాలకి ఒప్పుకోలా, "వాడికి సెలవిస్తే రేపు అందరూ అడుగుతారు" అన్నాడు. అందుకని ప్రస్తుతానికి నెలకి రెండే. కమిటీలో కూడా ఒకాయన "చల్లబడిపోయినావేందబ్బయ్యా" అన్నాడు. చెరువు కాడ ఉండా అంటే, ధనాపేక్ష అనుకున్నట్టుండాడు. వివరం చెప్పబోయి ఊరుకున్నా.

మొదటి ఆదివారం ఆరాధన టైంకి బైబిలు తీసుకుని షెడ్డు ముందు కూర్చున్నా. పది నిమిషాలు చదివానో లేదో మేత టైం. మేతేసి వచ్చి కూర్చుంటే మోటారు శబ్దం తేడాగా వచ్చింది, పోయి చూస్తే బెల్టు. అది బిగించేసరికి చేతులంతా గ్రీజు, బైబిలు ముట్టుకోలేకపోయా. అట్టాగే గట్టు మీద నిలబడి నాకొచ్చిన కీర్తన ఒకటి పాడుకున్నా. ఏరియేటర్ల మోతలో నా గొంతు నాకే వినపళ్ళా. ఆ కుర్రోడు పద్నాలుగు నెలలు ఈ మోతలోనే నిద్రపోతుండాడు గదా అనిపించింది. అంతకు మించి పెద్ద అనుభవం ఏం రాలా, అబద్ధం ఎందుకు.

శుక్రవారం మధ్యాహ్నమే గంజి కాచి పెట్టేసి ఇద్దరం కూడికకి పోతుండాం. వచ్చి అదే తాగుతుండాం.

పునాది_రాయి:
దేవునికి స్తోత్రం బ్రదర్. ఆ కుర్రాడు ఆదివారం సంఘానికి వచ్చాడా మరి?

ఇస్కపల్లి_గట్టు:
రాలా బ్రదర్. వాళ్ళు హిందువులు. మా ఇంట్లో వెనక గదిలో ఫ్యాను కింద పడుకున్నాడు. మధ్యాహ్నం రెండు దాకా లేవలా. మా ఇంటామె అన్నానికి లేపబోతే మా పాప లేపనీయలా.

పేరొద్దు_పాస్టరమ్మ:
మీ ఇంటామె ఎలా ఉంది తమ్ముడూ?

ఇస్కపల్లి_గట్టు:
మొన్న శుక్రవారం వచ్చాక వరండాలో లైటేసుకుని బైబిలు చదువుకుంటా ఉంది. ఏం చదువుతుండావు అన్నా. నీకెందుకు అంది.

చీమకుర్తి_టైరు:
అన్నా, ఓనరు ఏం మారలా. ఈ ఆదివారం కూడా లోడే. పొద్దున తొమ్మిదికల్లా కావలి దాటతా. నువ్వు గట్టు మీద ఉండే వారమేనా? ఉంటే వస్తా, ఇద్దరం కలిసి ఒక కీర్తన చదువుకుందాం. మీ రోడ్డు మీద ట్రైలర్ తిరుగుద్దా?

ఇస్కపల్లి_గట్టు:
నా వారమే. ట్రైలర్ తిరగదు తమ్ముడూ, చెరువు రోడ్డు ఇరుకు. కావలి బైపాస్‌లో డాబా దగ్గర ఆపుకో. కుర్రోణ్ణి బైకేసి పంపుదామంటే వాడికి సెలవు గదా. మా అన్న కొడుకుని పంపుతా. పదకొండుకి మేతెయ్యాల, ఆలోపు వచ్చెయ్.